టీమ్ ఊరొదిలి వెళ్ళాక ఏం చెయ్యాలంటే

రెంటన్, వాషింగ్టన్
నవంబర్ 2025

చిరంజీవి కిరణ్‌కి, మామయ్య ఆశీస్సులు.

అథ్లెటిక్స్ బేస్‌బాల్ టీమ్ ఓక్లండ్ వదిలి ఏడాది దాటినా చిన్నోడు ఇంకా తేరుకోలేదని, ఆట మాటెత్తితే చాలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నాడని ఫోన్లో చెప్పావు. "మీ సోనిక్స్ వెళ్ళిపోయినప్పుడు మీరంతా ఏం చేశారు మామయ్యా?" అని అడిగావు. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నాను. సియాటిల్ నుంచి మా బాస్కెట్‌బాల్ టీమ్ వెళ్ళిపోయి పదిహేడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎవరెవరు ఎలా తట్టుకున్నారో, ఏది మనసుకి పనికొచ్చిందో, ఏది రాలేదో దగ్గరుండి చూశాను.

ముందుగా, వాడితో "పోనీలే నాన్నా, ఆటే కదా" అని మాత్రం అనొద్దు. మాతో చాలామంది అన్నారు. ఆ మాటన్నాక ఇంక వాళ్ళతో ఆ సంగతి మాట్లాడాలనిపించదు, అంతకుమించి దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాడికి పోయింది ఆట ఒక్కటే కాదు. ఫ్రీమాంట్‌లో నీతో కలిసి బార్ట్ రైలెక్కడం, కొలీజియం స్టేషన్లో దిగి ఆ పొడవాటి వంతెన మీద జనంతో కలిసి నడవడం, రైట్‌ఫీల్డ్ వైపు నుంచి డప్పులు వినపడగానే అడుగు వేగం పెరగడం, ఇవన్నీ కలిపి పోయాయి. నాకు సోనిక్స్ అంటే సాయంత్రం షిఫ్టు దిగి 405 మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కారు రేడియోలో వ్యాఖ్యాత కెవిన్ కలాబ్రో గొంతు. 1996 ఫైనల్స్‌లో షికాగో మూడు ఆటలు వరసగా గెలిచేసి, ఇంక పని అయిపోయిందని అందరూ అనుకున్నాక, మా సొంత స్టేడియం కీ అరీనాలో మావాళ్ళు తర్వాతి రెండూ గెలిచారు. పేటన్, కెంప్ ఆడిన ఆ ఆటల గురించి ఆఫీసులో అంతవరకూ పలకరింపు కూడా లేని మనుషులతో గంటలు గంటలు మాట్లాడాను. ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు. ఆరో ఆటలో ఓడిపోయామనుకో, అది వేరే సంగతి.

కాబట్టి వాణ్ణి బాధపడనివ్వు. వాడికి ఏది గుర్తుందో అడుగు, చెప్పనివ్వు. 2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో ఆఖరి ఆటకి 46,889 మంది వచ్చారు. టెక్సాస్ మీద 3-2తో గెలిచారు కూడా. మాకు అలాంటి రోజు 2008 ఏప్రిల్ 13. డాలస్ మీద 99-95. ఆ జనంలో నేనూ ఉన్నాను. చివరి నిమిషాల్లో ఇరవై దాటని కెవిన్ డ్యూరాంట్ రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, ఇంకా అరవండి, ఇంకా అన్నట్టు మమ్మల్ని ఉసిగొల్పాడు. "సేవ్ అవర్ సోనిక్స్" అన్న కేకలకి పక్కవాడి మాట వినపడలేదు. ఐదు రోజుల తర్వాత బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని టీముల ఓనర్లు 28-2తో టీమ్‌ని ఓక్లహోమా సిటీకి పంపడానికి ఒప్పుకున్నారు. వద్దని ఓటేసింది డాలస్ ఓనర్, పోర్ట్‌లండ్ ఓనర్ మాత్రమే.

ఇక రెండో మాట. టీమ్ ఎందుకు వెళ్ళిందో వాడికి వివరంగా, లెక్కలతో సహా చెప్పు. పిల్లాడికి ఇవన్నీ ఎందుకులే అనుకోకు. కారణం తెలియకపోతే కోపం దారి తప్పి, ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళమీద పడుతుంది.

మా సంగతే చూడు. 2001లో స్టార్‌బక్స్ హోవర్డ్ షుల్ట్స్ బృందం సోనిక్స్‌ని 20 కోట్ల డాలర్లకు కొన్నది. కీ అరీనా చిన్నది, లీజు గిట్టుబాటు కావడం లేదు, ప్రభుత్వం డబ్బు పెట్టి పెంచాలి అన్నారు. ప్రభుత్వం ఊ అనలేదు. 2006లో 35 కోట్లకు ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెనెట్ బృందానికి అమ్మేశారు. అదే ఏడాది నవంబర్‌లో సియాటిల్ ఓటర్లు, నగరం డబ్బు అరీనాల్లో పెడితే దానికి తగిన రాబడి రావాల్సిందేనని, నూటికి డెబ్భైమందికి పైగా ఓటేసి చట్టం చేశారు. 2007లో కొత్త ఓనర్లు మా రెంటన్‌లోనే 50 కోట్ల డాలర్ల అరీనా కడదామని ప్రతిపాదన పెట్టారు. మా ఇంటికి పది నిమిషాల దూరం. రాష్ట్ర శాసనసభ డబ్బివ్వలేదు. ఆ వేసవిలోనే కొత్త ఓనర్లలో ఒకాయన, మేం టీమ్ కొన్నది సియాటిల్లో ఉంచడానికి కాదని ఓక్లహోమా పత్రికతో అనేశాడు. లీగ్ ఆయనకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. లీజు 2010 దాకా ఉందని నగరం కోర్టుకెక్కింది. తీర్పు రావాల్సిన రోజునే, 2008 జులై 2న, 4.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

ఇందులో ఓటర్లని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. బళ్ళకీ బస్సులకీ డబ్బు చాలనప్పుడు కోటీశ్వరుల వ్యాపారానికి పన్నుల సొమ్ము పెట్టం అన్నారు, అది వాళ్ళ హక్కు. తప్పు ఈ ఏర్పాటులోనే ఉంది. లీగ్‌లో టీములు ఇన్నే అని గిరిగీసి, ఊళ్ళు వాటికోసం పోటీపడేలా పెట్టారు. అందుకే ఊరికి డబ్బు అడుగుతారు, ఇవ్వకపోతే ఇచ్చే ఊరు చూసుకుంటారు. మీ విషయంలోనూ నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల దాకా ఇస్తానన్నాకే కదా టీమ్ అక్కడి లాస్ వేగస్‌కి వెళ్ళడం ఖాయమైంది. చిన్నోడికి పన్నెండేళ్ళు వచ్చాయి, ఈ మాత్రం అర్థమవుతుంది. స్టేడియానికి జనం రాకపోవడం వల్లే టీమ్ పోయిందని ఎవరైనా అంటే వాడు నమ్మకూడదు. 2023 జూన్ 13న టీమ్ అమ్మెయ్యండి అని చొక్కాల మీద రాసుకుని 27,759 మంది వచ్చిన రోజు మీరిద్దరూ అక్కడే ఉన్నారు.

ఆటగాళ్ళని మాత్రం తిట్టనివ్వకు. వాళ్ళని ఎవరూ అడిగి తీసుకెళ్ళలేదు. 2018 అక్టోబర్‌లో కీ అరీనాని తిరగకట్టడానికి మూసేసే ముందు మీ వైపు బాస్కెట్‌బాల్ టీములు వారియర్స్, శాక్రమెంటో కింగ్స్ ఇక్కడ ఒక ప్రీ-సీజన్ ఆట ఆడారు. ఆ రోజు డ్యూరాంట్ పాత షాన్ కెంప్ సోనిక్స్ జెర్సీ వేసుకుని కోర్టు మీదకొచ్చాడు. అందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. అతను ఇక్కడ ఆడింది ఒక్క సీజనే. మన టీమ్ బయటికి వెళ్ళే తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు వచ్చిన కుర్రాడు, పదేళ్ళయినా మమ్మల్ని మరిచిపోలేదు.

కొత్త ఊరి జనాన్నీ తిట్టొద్దు. కట్రీనా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ టీమ్ రెండు సీజన్లు ఓక్లహోమా సిటీలో తలదాచుకుంది. అక్కడి జనం ఎగబడి చూశారు, మాకూ ఒక టీమ్ ఉంటే బాగుండునని కోరుకున్నారు. అందులో పాపం ఏముంది? మీ అథ్లెటిక్స్ అయినా ఫిలడెల్ఫియాలో పుట్టి, కాన్సస్ సిటీ మీదుగా 1968లో ఓక్లండ్ వచ్చిందే. అప్పుడు కాన్సస్ సిటీలో ఏడ్చిన పిల్లలు ఇప్పుడు డెబ్భైలకి దగ్గరపడుతుంటారు.

ఇంక రోజువారీ సంగతులు. మొదటి రెండు మూడేళ్ళు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆ టీమ్‌నే చూస్తావా, ఇంకో టీమ్‌కి మారతావా, ఆటే మానేస్తావా అని వాణ్ణి ఎవరూ నిలదియ్యకూడదు. మావాళ్ళలో కొందరు పోర్ట్‌లండ్ టీమ్‌కి మారారు, కొందరు డ్యూరాంట్ ఎక్కడుంటే అక్కడ చూశారు, కొందరు ఈనాటికీ ఎన్‌బీఏ మొహం చూడలేదు. అందరూ సరైనవాళ్ళే. సుఖపడనిది మాత్రం ఒక రకం మనుషులు: ఆ టీమ్ ఓడిపోవడం కోసం ఎదురుచూసినవాళ్ళు. ఓక్లహోమా వెళ్ళాక మా టీమ్‌కి పెట్టిన కొత్త పేరు థండర్. వెళ్ళిన మొదటి ఏడాది థండర్ తొలి 32 ఆటల్లో 29 ఓడింది. ఇక్కడ కొంతమంది పండగ చేసుకున్నారు. ఎందుకో వాళ్ళ మొహాల్లో సంతోషం కనపడలేదు. అక్కడ నాలుగో సీజన్‌కే థండర్ ఫైనల్స్‌కి వెళ్ళింది, ఈ ఏడాది జూన్‌లో ఛాంపియన్ అయింది. పగ పెంచుకున్నవాళ్ళకి అది పుండు మీద కారం. అలాంటి రోజు మీకూ ఎప్పుడో వస్తుంది. ఆ రాత్రి టీవీ పెట్టొద్దు, బయట ఎక్కడికైనా భోజనానికి వెళ్ళండి.

జెర్సీలు, టోపీలు పారెయ్యొద్దు. కోపంగా ఉంటే కొత్తవి కొనడం మానెయ్, ఆ డబ్బు ఓనర్‌కి పోదు. ఉన్నవి మాత్రం మీవి. మా రాజీ ఒప్పందంలో నగరం గట్టిగా పట్టుబట్టి సాధించింది ఒకటుంది: సోనిక్స్ పేరు, ఆకుపచ్చ, బంగారు రంగులు సియాటిల్‌లోనే ఉండిపోయాయి. టీమ్ లేకపోయినా ఇప్పటికీ ఆ టోపీలు వీధిలో కనపడుతూనే ఉంటాయి. మీకు ఆ అదృష్టం లేదు, పేరు కూడా వెళ్ళిపోయింది. అందుకని వాడి అల్మరాలో ఉన్నవి ఇంకా జాగ్రత్తగా దాచు. చిత్రంగా మీ టీమ్‌వీ ఆకుపచ్చ, బంగారు రంగులే.

ఊళ్ళో మిగిలినదాని దగ్గరకి వాణ్ణి తీసుకెళ్ళు. ఇది నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే మాట. సోనిక్స్‌తో పాటు మా ఆడపిల్లల టీమ్ స్టార్మ్ కూడా అమ్ముడుపోయింది, తెలుసా? అది కూడా పోవాల్సిందే. 2008 మొదట్లో ఇక్కడి మహిళలు నలుగురు కలిసి కోటి డాలర్లకు దాన్ని తిరిగి కొని ఊళ్ళోనే ఉంచారు. 2010, 2018, 2020ల్లో ఛాంపియన్లయ్యారు. సూ బర్డ్ బంతి పాస్ చెయ్యడం దగ్గర కూర్చుని చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఎదురున్నవాళ్ళ కళ్ళలోకి చూస్తూనే పక్కకి అందించేది. సోనిక్స్ కోసం ఏడ్చి, అదే అరీనాలో ఆడుతున్న స్టార్మ్‌ని ఒక్కసారీ చూడనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళు ఎంత పోగొట్టుకున్నారో! మీకు ఓక్లండ్ బాలర్స్ బేస్‌బాల్ టీమ్ ఉంది. చిన్న లీగే కావచ్చు, కానీ వెస్ట్ ఓక్లండ్‌లో ఊరివాళ్ళు పెట్టుకున్న టీమ్, అభిమానులకి వాటాలు కూడా అమ్మింది. రెండో సీజన్లోనే కప్పు కొట్టింది. వచ్చే మే నెలలో వాణ్ణి బలవంతం చెయ్యకుండా, నువ్వు వెళ్తున్నానని చెప్పి బయల్దేరు. వాడే చెప్పులేసుకుంటాడు.

ఆఖరిది కాస్త కష్టమైన మాట. ఎప్పుడో ఒకప్పుడు ఇంకో ఊరి టీమ్‌ని మీకు ఇస్తామని ఎవరో వస్తారు. ఆ రోజు ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. 2013 జనవరిలో శాక్రమెంటో కింగ్స్‌ని కొని సియాటిల్ తెస్తామని ఒక బృందం ఒప్పందం చేసుకుంది. ఊరు ఊగిపోయింది. స్నేహితులు నాకు ఫోన్ చేసి సంబరంగా చెబుతుంటే, నాకు టీవీలో గంటలు మోగిస్తున్న శాక్రమెంటో జనమే కనపడ్డారు. ఐదేళ్ళ క్రితం మా మొహాలు అచ్చం అలాగే ఉన్నాయి. రావద్దని కోరుకున్నాను, ఇంట్లోనూ బయటా ఆ మాటే అన్నాను, కొందరు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ మేలో ఓనర్లు 22-8తో తరలింపు వద్దన్నారు. వివేక్ రణదివే బృందం కింగ్స్‌ని కొని అక్కడే ఉంచింది. ఈ లోకం తమాషా చూడు, ఇప్పుడు మీ అథ్లెటిక్స్ వేగస్ వెళ్ళేదాకా ఉంటున్నది ఆ శాక్రమెంటో పక్కనే. లీగ్ కొత్తగా టీములు పెంచి మాకొకటి ఇస్తే కళ్ళకద్దుకుంటాను. ఇంకో ఊరి పిల్లాణ్ణి ఏడిపించి తెచ్చేది నాకొద్దు. చిన్నోడికి ఈ సంగతి నువ్వు చెప్పకు, వాడే ఆలోచించి ఏమంటాడో విను.

వేసవి సెలవులకి మీ ముగ్గురూ ఇక్కడికి రండి. 1979లో సోనిక్స్ గెలిచిన ట్రోఫీ లేక్ యూనియన్ ఒడ్డున మ్యూజియం వాళ్ళ దగ్గరుంది. లెనీ విల్కెన్స్ కోచ్‌గా గెలిచిన కప్పు, దాని గురించి వాడికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అదే వారంలో స్టార్మ్ ఆట కూడా ఉండేలా చూసుకుందాం. షెడ్యూల్ రాగానే తేదీలు పంపిస్తాను, ఆ తర్వాతే విమానం టికెట్లు కొను. అత్తయ్య మీ అందరినీ అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మామయ్య