విశ్వవిద్యాలయ రాకపోకలకు కర్బన లెక్క

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం ఈ ఏడాది కర్బన ఉద్గారాల లెక్క తీస్తోంది. విద్యుత్తుకు, వంటశాల గ్యాసుకు బిల్లులున్నాయి గానీ, సిబ్బందీ విద్యార్థులూ రోజూ వచ్చిపోయే ప్రయాణాలకు ఏ బిల్లూ లేదు. వాటినీ చేర్చాలా? చేరిస్తే ఎలా లెక్కించాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: తప్పక చేర్చాలి. సంస్థల ఉద్గారాల లెక్కకు ప్రమాణాలు రూపొందించే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ 2011లో వెలువరించిన స్కోప్ 3 ప్రమాణం పరోక్ష ఉద్గారాలను, అంటే సంస్థ పని వల్లే అయినా దాని సొంతం కాని వాహనాలు, యంత్రాల వంటి వాటి నుంచి వెలువడేవాటిని, 15 వర్గాలుగా విభజించింది. ఉద్యోగుల రాకపోకలు అందులో 7వ వర్గం. అక్కడ విద్యార్థుల ప్రస్తావన లేకపోయినా, సిబ్బంది కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే విద్యార్థులను వదిలేస్తే ఆ లెక్క అసంపూర్ణమే కనుక, సిబ్బంది ప్రయాణాలనూ విద్యార్థుల ప్రయాణాలనూ విడివిడిగా చూపడం మేలు.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. (లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోయే అయినా, అందులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఇంత బరువు వస్తుంది.) లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే పెట్రోలు కారులో రానుపోను 40 కిలోమీటర్లు ఒంటరిగా ప్రయాణించేవారి వాటా రోజుకు సుమారు 6 కిలోలు, ఏడాదికి 200 పనిదినాలనుకుంటే అది 1.2 టన్నులు. లీటరు డీజిలుకు 4 కిలోమీటర్లు నడిచే బస్సు అదే దూరానికి 27 కిలోలు వెలువరిస్తుంది. అందులో 40 మంది ఉంటే తలకు 700 గ్రాములైనా పడదు. అదే బస్సులో ఎనిమిది మందే ఉంటే తలసరి వాటా 3.4 కిలోలకు చేరి, ఇద్దరు కలిసి వచ్చిన కారు కంటే కొద్దిగా ఎక్కువే అవుతుంది. అందుకే ఎన్ని బస్సులు నడుపుతున్నారన్నదానికంటే, వాటిలో ఎందరు ఎక్కుతున్నారన్నది నమోదు చేయడం ముఖ్యం. విద్యార్థులను దింపి ఖాళీగా తిరిగి వెళ్లే ట్రిప్పులను కూడా ఆ బస్సు ఖాతాలోనే వేయాలి.

వివరాల సేకరణలో ఒక జాగ్రత్త అవసరం. ‘సాధారణంగా ఎలా వస్తారు?’ అని అడిగితే చాలామంది తమకు నచ్చిన జవాబే ఇస్తారు. ‘గత వారం సోమవారం ఎలా వచ్చారు, మంగళవారం ఎలా వచ్చారు?’ అని రోజువారీగా అడిగితే నిజానికి దగ్గరగా ఉంటుంది. పైగా సైకిలు మీద వచ్చేవారు ఇలాంటి సర్వేకు ఉత్సాహంగా జవాబిస్తారు, కారులో వచ్చేవారు పక్కన పెట్టేస్తారు. కాబట్టి గేటు దగ్గర వాహనాలను లెక్కించి, వచ్చిన జవాబులతో పోల్చి చూడండి.

ప్రశ్న: ఉద్గారాలను తగ్గించడానికి పార్కింగు రుసుము పెట్టాలంటున్నారు. దగ్గరలో అద్దెలు భరించలేక దూరంగా ఉంటున్నవారికి ఇది శిక్ష కాదా?
– ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదే. అయితే ఉచిత పార్కింగుకూ స్థలం, నిర్వహణ ఖర్చు ఉంటాయి; నడిచి వచ్చే విద్యార్థి కూడా ఆ భారం మోస్తున్నాడు. సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1991లో యూ-పాస్ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, పార్కింగు రుసుము పెంపుతో పాటే చౌక బస్సు పాసును కూడా ఇచ్చింది. ప్రత్యామ్నాయం చూపకుండా రుసుము ఒక్కటే విధిస్తే అది నిజంగానే శిక్ష అవుతుంది. రుసుమును కూడా ఏడాదికి ఒకేసారి కాకుండా రోజు లెక్కన తీసుకోవాలి. ఏడాది మొత్తం ముందే కట్టినవారికి ఏ రోజైనా కారు ఇంట్లో వదిలి రావాలన్న ఆలోచన ఎందుకు కలుగుతుంది?

నా ఉద్దేశంలో, రుసుము కంటే ముందు టైంటేబులును సవరించాలి. ఒక్క తరగతి కోసం శుక్రవారం అంత దూరం నుంచి రావలసిన విద్యార్థికి ఆ తరగతిని గురువారానికి మార్చి వారాన్ని నాలుగు రోజులకు సర్దితే, అతని ప్రయాణ ఉద్గారాల్లో ఐదో వంతు ఆ ఒక్క మార్పుతోనే తగ్గిపోతుంది. ప్రయోగశాల ముగిసే వేళకు ముందే చివరి బస్సు వెళ్లిపోతుంటే మాత్రం, ఎంత రుసుము విధించినా విద్యార్థి సొంత వాహనాన్ని వదలలేడు. ఆ రెండు వేళలనూ కలపవలసింది యాజమాన్యమే.