పడిన చెట్టు వెనక గోతిలోకి ఎవర్నీ దిగనివ్వకండి

రాత్రి గాలికి మీ పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీ మీద ఒరిగిందని, రెండు కొబ్బరి చెట్లు కూడా పడ్డాయని, ఇవాళే కోయించేయాలా అని అడిగారు. ఒక్కరోజు ఆలస్యమైనా పర్వాలేదండి. ముందు సర్వీసు వైరు కొమ్మల్లో చిక్కుకుందేమో దూరం నుంచే చూడండి. ఊళ్ళో కరెంటు లేదు కదా అని దగ్గరికి వెళ్ళకండి, ఎవరింట్లోనో జనరేటర్ నుంచి కూడా తీగలోకి రావచ్చు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చి తీగ తప్పించాకే చెట్టు జోలికి వెళ్ళాలి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటిన రోజు మా నిద్రగన్నేరు పశువుల పాక మీద పడింది. మన లంక నేలల్లో కాస్త తవ్వితే నీళ్ళు తగులుతాయి కదా, వేళ్ళు లోతుకి దిగవు, పక్కలకే పాకుతాయి. అందుకే మాను విరగలేదు. వేళ్ళు మట్టిపెళ్ళతో సహా పైకి లేచి గోడలా నిలబడ్డాయి. వెనక పెద్ద గొయ్యి.

కోత మిషన్ తెచ్చినతను కొమ్మలన్నీ తీసేసి, మానుని మొదలు దగ్గర కోశాడు. మాను బరువు తెగిపోగానే ఆ మొద్దు ఒక్క ఊపున లేచి, మట్టితో సహా వచ్చి గోతిలో కూర్చుంది. అరగంట ముందు మా అన్నయ్య కొడుకు ఆ గోతిలోనే ఆడుకుంటున్నాడు. వదిన అన్నానికి పిలిస్తే వచ్చేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు వణుకుతుంది.

అందుకే పిల్లల్ని అటువైపు అస్సలు పంపకండి. కోసేవాళ్ళకి కూడా గోతివైపు నిలబడొద్దని మీరే చెప్పండి. ప్రహరీకి నొక్కుకుని విల్లులా వంగిన కొమ్మలు ఉంటాయి, తెగగానే ఎగిరి కొడతాయి. వాటిని చివర్నుంచి కొంచెం కొంచెంగా తీయించండి. గోడ పక్కవాళ్ళది కూడా అయితే, కొయ్యకముందే వాళ్ళని పిలిచి చూపించి ఫోటోలు తీసుకోండి.

కొబ్బరి దుంగల్ని మాత్రం గట్టున వదిలేయకండి. 1996 నవంబరు తుపానుకి పడిన చెట్లని మా నాన్నగారు మనుషులు దొరక్క చాలాకాలం అలాగే ఉంచేశారు. కుళ్ళిన దుంగల్లో కొమ్ము పురుగు పెరిగి, తుపాను తట్టుకుని నిలబడ్డ చెట్ల మొవ్వుల్ని తినేసింది. కట్టెలకైనా సరే, ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేయండి.