బాబు జేబులో ఓసీబీ పేపర్లు దొరికాయి, ఏం చేయాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది కావలి. మా బాబుకి 17 ఏళ్లు, నెల్లూరులో ఇంటర్ సెకండియర్. హాస్టల్ వద్దన్నాడని రోజూ ట్రైన్లో పోయొస్తున్నాడు. కొన్నాళ్లుగా వాడు వాడిలా లేడు. కళ్లు ఎర్రగా ఉంటాయి, రూములో ఎప్పుడూ అగరొత్తి వెలిగిస్తాడు, షాపు గల్లాలో డబ్బులు తగ్గుతున్నాయి. మొన్న ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో ఓసీబీ పేపర్లు, అవే సిగరెట్టులా చుట్టుకుని తాగే పల్చటి కాగితాలు. నావి కాదు ఫ్రెండ్‌వి అన్నాడు, వాళ్ల నాన్న బెల్టు తీశాడు. మూత్రం టెస్ట్ కిట్ తెస్తానంటున్నాడు. మా అన్నేమో ఏదైనా డీ-అడిక్షన్ (మత్తు మాన్పించే) సెంటర్లో మూడు నెలలు పడేయమంటాడు, పక్కింటామె అన్నంలో కలిపే పొడి ఉందంటుంది. హాస్పిటల్‌కి వస్తే పోలీసులకి తెలుస్తుందా? పరీక్షలు అయ్యేదాకా ఆగొచ్చా?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు బెల్టు లోపల పెట్టించండి. కొడితే మానేస్తారనుకుంటారు గానీ మా ఓపీలో చూసేది వేరు, కొట్టిన ఇంట్లో పిల్లోడు మానడు, దాచడం నేర్చుకుంటాడు, ఇంకా ముదిరితే ఇల్లొదిలి ఆ ఫ్రెండ్స్ రూముకే పోతాడు.

మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే గంజాయి అనుమానం గట్టిగానే ఉంది, కాదనను. కానీ ఎర్రకళ్లు రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసినా వస్తాయి, గల్లాలో డబ్బులు ఆన్‌లైన్ బెట్టింగుకీ పోతాయి (క్రికెట్ సీజన్లో ఇట్టాంటి కేసులు చాలా చూస్తున్నాం), డిప్రెషన్ ఉన్న పిల్లలు కూడా రూములోనే పడుంటారు, చికాకు పడతారు, స్నానం మానేస్తారు. గంజాయి, డిప్రెషన్ రెండూ కలిసి ఉండే పిల్లలూ ఎక్కువే. కాబట్టి మీ అనుమానాన్ని తీర్పు చేయొద్దు. బట్టలకి పెట్రోల్, థిన్నర్ లాంటి వాసన వస్తుందా, ముక్కు మూతి చుట్టూ పుండ్లున్నాయా, బ్యాగులో వైట్‌నర్ గానీ పంక్చర్ సొల్యూషన్ గానీ నొప్పి మాత్రల ఖాళీ షీట్లు గానీ ఉన్నాయా కూడా గమనించండి, ఎందుకంటే వైట్‌నర్, సొల్యూషన్ పీల్చే పిల్లలకి ఒక్కసారికే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

కిట్ సంగతి. అప్పుడప్పుడూ తాగేవాళ్లకి మూత్రంలో గంజాయి మూడు నాలుగు రోజులు కనిపిస్తుంది, రోజూ తాగేవాళ్లకి మానేసిన నెలకి కూడా కనిపించొచ్చు, అంటే పాజిటివ్ వచ్చినంత మాత్రాన నిన్న తాగాడని కాదు. వైట్‌నర్, టాపెంటడాల్ అనే నొప్పి మాత్రలు ఆ మామూలు కిట్లలో పడనే పడవు, కాబట్టి నెగెటివ్ వస్తే మీరు నిశ్చింతగా పడుకుంటారు, వాడు వాడే పని వాడు చేస్తుంటాడు. పైగా నాన్న బాత్రూం తలుపు దగ్గర నిలబడి తీయించిన టెస్ట్ తర్వాత ఆ పిల్లోడు మీకు నిజం చెప్తాడా? టెస్ట్ కావాలంటే డాక్టర్ దగ్గర, వాడు ఒప్పుకున్నాక.

ముందు మాట్లాడాలి. వాడు మత్తులో ఉన్నప్పుడు కాదు, ఇద్దరూ ఎదురుగా కూర్చోబెట్టి కాదు, మామయ్యల్ని పిలిచి పంచాయతీ అసలు కాదు. మీరొక్కరే, వాడు తిని కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు, పక్కన కూర్చుని అడగండి: "ఆ పేపర్ల గురించి తిట్టడానికి రాలేదు రా, నాన్న ఆ రోజు కొట్టడం తప్పే. గంజాయి తాగుతున్నావా? తాగితే నీకు ఏం బావుంటుంది?" ఈ ఆఖరి ప్రశ్న వింతగా ఉంటుంది మీకు. కానీ దానికి జవాబులోనే అసలు రోగం దొరుకుతుంది. "నిద్ర పడుతుంది", "మార్కుల టెన్షన్ పోతుంది", "వాళ్లతో లేకపోతే నాకెవరూ లేరు"... ఒక్కో మాటకి ట్రీట్‌మెంట్ ఒక్కో రకం. మొదటిరోజు ఏమీ చెప్పకపోవచ్చు, తలుపు ధడేల్మని వేసుకోవచ్చు. రెండు రోజులాగి మళ్లీ అడగండి. తాళాలు మాత్రం ఈరోజు నుంచే గల్లాకి వేయండి, అందులో మొహమాటం వద్దు. ఇంకో మాట, ఇంట్లో ఆదివారం మందు బాటిల్ తెరుచుకునే అలవాటుంటే మీవారు కొన్నాళ్లు ఆపాలి.

మానిన మొదటి వారం వాడు ఇంకా ఘోరంగా కనిపిస్తాడు. చికాకు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం, చెమటలు. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది, నిద్ర కొందరికి లేటవుతుంది. ఈ వారంలోనే తల్లులు జాలిపడి చేతిలో రెండొందలు పెడతారు, అక్కడే మొత్తం పోతుంది.

అన్నంలో పొడి పెట్టకండి. అట్టాంటి కొన్నిట్లో మద్యం మాన్పించే డైసల్ఫిరామ్ అనే మందు కలుపుతారు, చెప్పకుండా ఇస్తే ఎవరికైనా డేంజరే, గంజాయికి దానితో సంబంధమే లేదు. గంజాయి మాన్పించే మాత్రంటూ ఆమోదం పొందింది ఏదీ లేదు. కౌన్సెలింగే మెయిన్, నిద్రకో డిప్రెషన్‌కో అవసరమైతే మందులు. సెంటర్ విషయానికొస్తే, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మైనర్‌ని అడ్మిట్ చేస్తే పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, అమ్మో నాన్నో లేదా బాధ్యత ఉన్న ఒకరు ఉన్నన్నాళ్లూ తోడుగా ఉండాలి. "వదిలేసి పోండి, మూడు నెలలు రావొద్దు" అనే సెంటర్ గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరగండి.

పోలీసుల భయం వద్దమ్మా. ట్రీట్‌మెంట్ కోసం వచ్చినవాళ్ల వివరాలు రహస్యంగా ఉంచాలని ఆ మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే ఉంది, తక్కువ మోతాదుతో పట్టుబడిన అలవాటుపడ్డ మనిషి తనంతట తానే ప్రభుత్వ గుర్తింపున్న చోట ట్రీట్‌మెంట్‌కి వస్తే కేసు నుంచి మినహాయింపు 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టంలో (64ఏ సెక్షన్) ఉంది. పిల్లలకి మత్తు అమ్మేవాడికి మాత్రం జువైనల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్లదాకా జైలు. ఆ అమ్మేవాడి సంగతి తెలిస్తే మత్తుపదార్థాల ఫిర్యాదుల ఫోన్ నంబర్ 1972కి చెప్పొచ్చు, కానీ పిల్లోడి ముందు ఆ ఫోన్ చేయకండి, వాడు మీ దగ్గర నోరు విప్పడు ఇంక.

పరీక్షలదాకా ఆగొద్దు. పరీక్షల టెన్షనే వాడకం పెంచే టైం. ఎవరూ లేని గొంతులు వినపడుతున్నాయన్నా, అందరూ తనని చంపాలని చూస్తున్నారన్నా, చచ్చిపోతానన్నా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకురండి. లేపితే లేవకపోయినా, ఊపిరి మెల్లగా ఆడుతున్నా, ఫిట్స్ వచ్చినా 108. అంత లేకపోతే నెల్లూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీ ఉంది, ఒంగోలు దగ్గరవాళ్లకి అక్కడి జీజీహెచ్. మానసిక సమస్యల గురించి ఫోన్లో మాట్లాడాలంటే 14416, డీ-అడిక్షన్‌కి 14446, రెండూ ఫ్రీనే.

బాబు రానంటే లాక్కురావద్దు. ముందు మీరిద్దరే రండి, వాళ్ల నాన్న కూడా తప్పకుండా, షాపుకి ఒక పూట తాళం వేసైనా. ఎప్పట్నుంచి మార్కులు తగ్గాయో, ఎప్పట్నుంచి నిద్ర మారిందో, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందో ఒక కాగితం మీద రాసుకురండి, ఆ జేబులో ఉన్న పేపర్లు తేనక్కర్లేదు.