లోపలి పాట బయటికి వినపడదు

ఒరేయ్ నాన్నా,

రాత్రి ఫోన్లో నువ్వన్న మాటే తిరుగుతోంది బుర్రలో. "నేనేమన్నాను పెదనాన్నా, ఆఫీసులో అందరూ నాకు పొగరంటున్నారట." నీకు పొగరు లేదు. నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ని, నాకు తెలుసు. రుషికొండలో నీ పక్క సీటు వాళ్లకి ఎలా తెలుస్తుంది?

మీ అక్క పెళ్లయిన రెండేళ్లకి ఆ వీడియో తీరిగ్గా చూశాను. విడిదింటి వరండాలో వియ్యంకుడుగారు నాతో మాట్లాడుతున్నారు. నేను వాచీ చూసుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. మూడోసారికి ఆయన మాట మధ్యలోనే ఆపి, కండువా సర్దుకుని పక్కకి వెళ్లిపోయారు. మన చుట్టాల బస్సు వైజాగ్ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది, అప్పటికింకా ఫ్లైఓవర్ లేదు. నా ప్రాణమంతా ఆ బస్సు మీదే. ఆయనకి కనిపించింది మాత్రం వాచీ. ఆ రెండేళ్లూ వాళ్లు ఎందుకు అంటీముట్టనట్టు ఉన్నారో అప్పుడు తెలిసింది. మర్నాడే వెళ్లి బస్సు సంగతి చెప్పుకున్నాను.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని కొందరిచేత అందరికీ తెలిసిన పాటల వరసలు బల్ల మీద వేళ్లతో కొట్టించింది. వినేవాళ్లు సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్ల నమ్మకం. 120 పాటల్లో పోల్చుకున్నవి 3. కొట్టేవాడి తలలో పాట మోగుతూనే ఉంటుంది, ఎదుటివాడికి ఉత్త టకటకలే. ఇవాళ మీ ఆవిడ ముందు ఓ పాట బల్ల మీద కొట్టి చూడు.

నేను చూసింది ఒకటి చెబుతాను, నొచ్చుకోకు. సంక్రాంతికి మీ అత్త కంటి ఆపరేషన్ గురించి చెబుతుంటే "తెలుసు, తెలుసు" అన్నావు. ఆవిడకి శ్రమ ఎందుకని అన్నావు. ఆవిడ అరిసెల పళ్లెం తీసుకుని లేచిపోయింది. మీటింగుల్లోనూ ఆ మాటే వస్తోందేమో చూసుకో. నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు నువ్వే విను. గొంతు వేరేగా ఉందని బెంగపడకు, మన గొంతు మనకి పుర్రె ఎముకల గుండా కూడా వినపడుతుంది, రికార్డులో అది ఉండదు. నువ్వు చూడాల్సింది మాట తీరు.

ఎవరినైనా అడుగు. "నేనెలాంటివాణ్ని?" అని అడిగితే "మీకేం సార్" అంటారు, అంతే. "నిన్న నీ మాటకి ఎక్కడైనా అడ్డుపడ్డానా?" అని అడగాలి. నీ కింద పనిచేసేవాణ్ని అడగొద్దు, వాడు ఉద్యోగం చూసుకుంటాడు. నీ వల్ల లాభం గానీ భయం గానీ లేనివాణ్ని పట్టుకో. వాడు చెబుతుంటే నీ బస్సు కథ మొదలెట్టకు. అది కష్టం, నోటి దాకా వచ్చేస్తుంది. ఒక్కసారి కారణం చెప్పావా, వాడు మళ్లీ నోరు విప్పడు.

అలాగని ప్రతి మాటకీ నిన్ను నువ్వు తూచుకుంటూ కూర్చోకు, మాటే పడిపోతుంది. ముందు ఆ "తెలుసు" ఒక్కటి మానుకో.

ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తెస్తాను, ఇద్దరూ రండి. భోజనాలకి ముందు నాలో నీకు కనపడింది ఒకటి నువ్వు చెప్పాలి. నేను మధ్యలో మాట్లాడను.

నీ పెదనాన్న