మౌజర్ 98: స్టాక్‌లో పెట్టగానే కొత్త ట్రిగ్గర్ సేఫ్టీ ఎందుకు బిగుసుకుపోతుంది?

మౌజర్ 98 రైఫిల్‌కి కొత్త ట్రిగ్గర్ అమర్చారు, విడిగా చూస్తే బాగానే పనిచేస్తోంది, చెక్క స్టాక్‌లో (రైఫిల్ లోహపు భాగాలు కూర్చునే చెక్క ఒళ్లు) కూర్చోబెట్టి స్క్రూలు బిగించగానే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) కదలడం లేదు అని అడిగారు. నా మౌజర్‌కూ ట్రిగ్గర్ మార్చినప్పుడు సరిగ్గా ఇదే ఎదురైంది. ట్రిగ్గర్‌ను అనుమానించకండి, చెక్క ఒరుసుకుంటోంది. పాత సైనిక ట్రిగ్గర్ సన్నగా ఉంటుంది, స్టాక్‌లో దాని గూడు కూడా అంతే ఇరుకు. కొత్తవి పెట్టెలా వెడల్పుగా వస్తాయి. పక్కన సేఫ్టీ మీట ఉంటే ఇంకొంత చోటు కావాలి.

ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది), మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ట్రిగ్గర్ పెట్టె రిసీవర్ (రైఫిల్ ప్రధాన లోహపు భాగం) మీద ఏమాత్రం ఊగకూడదు. ఊగితే ముందు దాన్ని బిగించుకోండి, లేకపోతే చెక్క మీద పడే గుర్తులను నమ్మలేం.

పెట్టె చుట్టూ లిప్‌స్టిక్ పలుచగా పూసి, స్టాక్‌లో దించి, స్క్రూలు పూర్తిగా బిగించి మళ్లీ విప్పండి. ఎర్రగా అంటిన చోటే చెక్క తగులుతోంది. పదునైన సన్నటి ఉలితో అక్కడ మాత్రమే పలుచటి పొర తీయండి. మళ్లీ పూయండి, దించండి, చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ కరెంటుతో తిరిగే పనిముట్టు జోలికి మాత్రం వెళ్లకండి. అది ఒక్కసారి జారితే పోయిన చెక్క తిరిగి రాదు. గుర్తు పడటం ఆగాక కూడా చుట్టూ సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచండి, తేమకు చెక్క ఉబ్బుతుంది. మ్యాగజైన్ గూడుకూ ట్రిగ్గర్ గూడుకూ మధ్య ఉన్న పలుచటి గోడను వీలైనంత వరకు ముట్టుకోవద్దు. అది బలహీనపడితే కాల్పుల అదురుకు స్టాక్ చీలుతుంది.

ట్రిగ్గర్ గార్డు సందులో ట్రిగ్గర్ అంచు రాసుకుంటోందేమో కాగితం ముక్క దూర్చి చూడండి. చెక్కిన చోట అవిసె నూనె గానీ వార్నిష్ గానీ పట్టించండి.

ఇక పరీక్షలు. ఇవి రైఫిల్ ఖాళీగానే ఉంచి, స్క్రూలన్నీ బిగించిన స్థితిలో చేయాలి. బోల్టు (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే కడ్డీ) మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. ఫైరింగ్ పిన్ను (తూటాను కొట్టి పేల్చే సూది) పడకూడదు. బోల్టును విసురుగా పదేపదే మూయండి, స్టాక్ వెనుక చివర, అంటే భుజానికి ఆనే చోట, రబ్బరు సుత్తితో తట్టండి. పిన్ను ఒక్కసారి పడినా సరే, తూటా పెట్టవద్దు, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేతికి ఇవ్వండి. ట్రిగ్గర్ ఎంత తేలికగా ఉంటే అంత గొప్ప అనే మాటను నేను ఒప్పుకోను. వేట రైఫిల్‌కు ట్రిగ్గర్ లాగే బలం మూడు పౌండ్లు, అంటే దాదాపు 1.4 కిలోలు, చక్కగా సరిపోతాయి.

మొదటిసారి కాల్చి వచ్చాక చెక్క కాస్త సర్దుకుంటుంది. స్క్రూలు మళ్లీ బిగించి, ఖాళీ రైఫిల్‌తో సేఫ్టీ పరీక్ష ఇంకోసారి చేయండి.