ఆడపిల్లల వాటా ఇచ్చిన అసెంబ్లీకి ఇదీ చేతనవుతుంది
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఐదేళ్లుగా ఇంకో అమ్మాయితో ఉంటోంది. స్నేహితురాలే అనుకున్నాం. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పింది, వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారట. మా ఆయన ఇంకా సరిగా మాట్లాడడం లేదు, నేను మాత్రం బిడ్డను వదులుకోలేను. అమెరికాలో రాష్ట్రాలే ఇలాంటి పెళ్లిళ్లకు చట్టాలు చేసుకున్నాయని మా మరిది కొడుకు అంటున్నాడు. మన ఆంధ్రాలో కుదరదా?
– ఒక అమ్మ, తిరుపతి

జవాబు: కుదురుతుందమ్మా. ఇది ఢిల్లీ వ్యవహారం, మన చేతిలో ఏముందిలే అని చాలామంది అనుకుంటారు గానీ పెళ్లి, విడాకులు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా 5వ అంశం, అంటే పార్లమెంటూ చట్టం చేయొచ్చు, మన అసెంబ్లీ కూడా చేయొచ్చు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని హక్కుగా గుర్తించలేదు, ఆ తీర్పును మళ్లీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేసింది, నిజమే. కానీ చట్టం చేయడం చట్టసభల పని అని కూడా చెప్పింది, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ అయితే తన తీర్పులో రాష్ట్ర శాసనసభలనూ కలిపే చెప్పారు. చిక్కల్లా ఒకటే, కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చట్టం చేస్తే 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి.

అది జరిగే పనేనా అంటారేమో. 1983లో మీ తిరుపతి నుంచి కూడా గెలిచిన ఎన్టీఆర్, తర్వాత తన ప్రభుత్వంలో కేంద్ర చట్టమైన హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇప్పించారు. దేశం మొత్తానికి అలాంటి సవరణ వచ్చింది 2005లో. ఇరవై ఏళ్లు ముందు నడిచిన రాష్ట్రం మనది, అందుకే ఈ విషయంలో మన ఎమ్మెల్యేలు నోరు మెదపకపోతే నాకు బాధేస్తుంది. మీ మరిది కొడుకు చెప్పిందీ నిజమే, వెర్మాంట్ రాష్ట్రం 2009లో గవర్నరు వీటోను కూడా తోసిపుచ్చి చట్టం చేసుకుంది, న్యూయార్క్ 2011లో చేసింది.

చట్టం వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. ఇద్దరూ వీలునామాలు రాసుకోవాలి, ఇద్దరు సాక్షుల సంతకాలతో, వీలైతే రిజిస్టర్ చేయించి. బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే స్పష్టం చేసింది. అయితే నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, హక్కుదారు కాదు, అందుకే వీలునామా తప్పనిసరి.

ప్రశ్న: ఏడుకొండలవాడి నీడలో బతికేవాళ్లం. అలాంటి చట్టం వస్తే రేపు గుళ్లలోనూ ఈ పెళ్లిళ్లు చేయమని పూజారులను బలవంతపెడతారు కదా?
– రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: లేదు సార్. నేనూ అలిపిరి మెట్లెక్కేదాన్నే, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టులో విచారణ మొదట్లోనే మత చట్టాల జోలికి వెళ్లబోమని బెంచ్ చెప్పింది, వాదనలు ప్రధానంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం చుట్టూనే నడిచాయి. దాంట్లో మంత్రాలూ తాళీ తప్పనిసరి కాదు, నోటీసిచ్చి 30 రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో మ్యారేజ్ ఆఫీసర్ ముందు సంతకం పెడితే చాలు. కులాంతర జంటలు ఎందరో అలాగే చేసుకుంటున్నారు, ఏ గుడికీ ఏమీ కాలేదు. మీ చిత్తూరు పక్కనే ఉన్న తమిళనాడు 1967లో అణ్ణాదురై హయాంలో, పురోహితుడు లేని పెళ్లిళ్లు చెల్లేలా ఏకంగా హిందూ వివాహ చట్టాన్నే సవరించుకుంది. ఆ తర్వాత కూడా అక్కడ గుళ్లలో పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి, మీరూ వాటికి వెళ్లే ఉంటారు.

ఇంకో సంగతి, 2024 డిసెంబరులో మన హైకోర్టు ఇద్దరు మేజర్ అమ్మాయిలు కలిసి బతకొచ్చని, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని చెప్పింది. వాళ్లు ఒకే ఇంట్లో ఉండడం ఇప్పటికే తప్పు కాదు సార్, లేనిదల్లా పెళ్లి అని చూపించుకునే కాగితమే.