అప్పు చేసి కార్ల కంపెనీ షేర్లు కొనొచ్చా?

ప్రశ్న: మేం డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం. నాకు 36 ఏళ్ళు. కార్ల విడిభాగాల కంపెనీలో హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను. మా ఆవిడకు ఉద్యోగం లేదు, పాపకు నాలుగేళ్ళు. నెల ఖర్చు 5,000 డాలర్లు, బ్యాంకులో 7,000 ఉన్నాయి. మేం సరుకు ఇచ్చే కార్ల కంపెనీ షేరు బాగా పడింది. 2009లోలాగా ప్రభుత్వం ఎలాగూ ఆదుకుంటుందని ఆఫీసులో అంటున్నారు. 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతా నుంచి 30,000 లోను తీసి, గుంటూరులో అమ్మ దగ్గరున్న మా బంగారం తాకట్టు పెట్టించి ఆ షేర్లు కొందామనుకుంటున్నాను. కొనొచ్చా?

జవాబు: వద్దండి. ఆ బంగారం జోలికి అసలే వెళ్ళకండి.

కంపెనీని ఆదుకుంటే షేరు కూడా లేస్తుందని చాలామంది నమ్ముతారు. 2009లో అలా జరగలేదు. 2008 డిసెంబరులో బుష్ ప్రభుత్వం జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్‌లకు 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. ఆరు నెలలు తిరక్కుండానే, 2009 జూన్ 1న, జీఎం దివాలా పిటిషన్ వేసింది. మంచి ఫ్యాక్టరీలు, బ్రాండ్లు కొత్త కంపెనీకి వెళ్ళాయి. అందులో 60 శాతం పైగా వాటా ప్రభుత్వం తీసుకుంది. బాండ్లు ఉన్నవాళ్ళకు, అంటే కంపెనీకి అప్పిచ్చినవాళ్ళకు, 10 శాతం వాటా దక్కింది. పాత షేర్లు మాత్రం పాత కంపెనీలోనే ఉండిపోయి చివరికి రద్దయ్యాయి. 2010 నవంబరులో కొత్త జీఎం షేరు 33 డాలర్లకు మార్కెట్లోకి వస్తే, పాత షేర్లు దాచుకున్నవాళ్ళకు ఒక్క సెంటు రాలేదు. జీఎంలో 4,950 కోట్ల డాలర్లు పెట్టిన ప్రభుత్వమే 1,000 కోట్లకు పైగా నష్టపోయి బయటికొచ్చింది.

మీ విషయంలో నన్ను ఇంకా భయపెట్టేది వేరే ఉంది. ప్రభుత్వం జీఎంను నిలబెడుతున్న ఆ వేసవిలోనే విస్టియోన్, మీ పక్కనే సౌత్‌ఫీల్డ్‌లో ఉన్న లియర్ దివాలా కోర్టుకెక్కాయి. రెండూ విడిభాగాల కంపెనీలే. అంటే మీ జీతం, మీ షేర్లు, మీ అప్పు మూడూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి.

ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్ళకు దొరికేది మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ మీ పేరుమీద పిటిషన్ వెయ్యాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ రెండు నెలల ఖర్చే 10,000. మీ దగ్గరున్నవి 7,000. లీజు మధ్యలో వదిలితే కట్టేది, ముగ్గురికి టిక్కెట్లు ఇంకా ఇందులో కలపలేదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోనే పోతుంది. కోబ్రా అనే చట్టం కింద దాన్ని కొంతకాలం కొనసాగించుకోవచ్చు గానీ, ఇన్నాళ్ళూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి. 401(కె) లోను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉద్యోగం మానేసిన ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా మిగిలిన బాకీ కట్టకపోతే అది ఆదాయం కింద లెక్కేస్తారు. పన్ను కట్టాలి, పైగా 10 శాతం పెనాల్టీ. చేతిలో డబ్బు లేని సమయంలోనే ఈ బిల్లు వస్తుంది. అటు గుంటూరులో బంగారం మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది, ఫోన్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది అమ్మ.

ఇంకో కార్ల కంపెనీ ఫోర్డ్, ప్రభుత్వం ఆదుకోవడానికి ఇచ్చిన ఆ బెయిలౌట్ డబ్బు ముట్టుకోలేదు, ఎందుకో తెలుసా? 2006లోనే ఫ్యాక్టరీలు, చివరికి తన నీలం లోగో కూడా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చుకుంది. కష్టకాలానికి నగదు చేతిలో ఉండాలన్నదే అక్కడ ఆలోచన. అప్పు తెచ్చి షేర్లు కొనడానికి దాంతో పోలికే లేదు.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 30,000, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే సేవింగ్స్ ఖాతాలో. ఆఫీసు ఇచ్చే లైఫ్ కవర్ మీద ఆధారపడకుండా సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి, మీ ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తోంది కదా. కార్ల కంపెనీల మీద అంత నమ్మకముంటే, మీ 401(కె)లో ఇండెక్స్ ఫండ్ (మార్కెట్లోని పెద్ద కంపెనీలన్నిటి షేర్లూ కొంచెం కొంచెం కొనే ఫండ్) ఉంటే చాలు, పెద్ద కార్ల కంపెనీలు అందులోనే ఉంటాయి.

వచ్చే జీతం పడిన రోజే వేరే ఖాతా తెరిచి, ఎంత వీలైతే అంత అందులో వెయ్యండి. అది 30,000 అయ్యాక షేర్ల మాట అడగండి, తప్పకుండా చెబుతాను.